నాలుగు వాకిళ్ల డేరా

సర్కారు డేరాకు అనుమతి లేకుండా రెండు వాకిళ్లు అదనంగా కోసినందుకు సంజాయిషీ రాసిచ్చిన సర్వేయరు మన శాఖలో నేనొక్కడినే అయి ఉంటాను. ఆ సంజాయిషీలో క్రీస్తుశకం 1699లో తుర్కీ సుల్తానుకూ ఆస్ట్రియా చక్రవర్తికీ కుదిరిన సంధిని ఉదాహరించినవాణ్ని మాత్రం కచ్చితంగా నేనొక్కడినే. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీవంటి పిల్లలు ఈ కథను సగం విని సగం కల్పించి చెప్పుకుంటున్నారని తెలిసింది. నేను మేకతో సంతకం పెట్టించానని కూడా ఒకాయన చెప్పాడట. అది అబద్ధం. మేక వచ్చింది గాని సంతకం పెట్టలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, చదవండి.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడే ఉంది. బడిలో నేను చదివింది ఎస్.ఎస్.ఎల్.సి. వరకే. మిగతాదంతా బీరువా చదువు. నేను పనిచేసిన తాలూకా కేంద్రంలో ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. మూడు బీరువాలు, రెండు బెంచీలు. మొదటి బీరువా పై అరలో ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, ఏ పుస్తకమూ వదలకుండా వరసగా చదువుకుంటూ పోవాలని నియమం పెట్టుకున్నాను. పశువైద్యం అయ్యాక వేదాంతం, వేదాంతం అయ్యాక సబ్బుల తయారీ. గ్రంథపాలకుడు "ఏం పుస్తకం కావాలప్పా?" అని అడిగితే "నిన్నటి దాని పక్కది" అనేవాణ్ని. ఆయన నన్ను మొదట వింతగా చూశాడు, తర్వాత జాలిగా చూశాడు, చివరికి బీరువా తాళం నాకే ఇచ్చేశాడు.

రెండో ఏడు రెండో బీరువా అడుగు అరకు చేరాను. అక్కడ అట్ట లేని ఇంగ్లీషు చరిత్ర పుస్తకం ఒకటి దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. అందులోనే కార్లోవిట్జ్ సంధి కథ ఉంది. డాన్యూబ్ నది ఒడ్డున చిన్న ఊరు అది. తుర్కీవాళ్లు వియన్నా నగరాన్ని ముట్టడించి ఓడిపోయాక పదహారేళ్లు యుద్ధం సాగింది. తుర్కీ ఒకవైపు, ఆస్ట్రియా, పోలండు, వెనిస్ ఒకవైపు. అందరూ అలసిపోయి మాట్లాడుకుందామని వచ్చారు. తీరా వచ్చాక, సభలోకి ఎవరు ముందు అడుగుపెట్టాలి అన్నదగ్గర ఆగిపోయింది. ముందు పోయినవాడు పెద్దవాడా, తర్వాత పోయినవాడు పెద్దవాడా? మధ్యవర్తులు తల పట్టుకొని ఆలోచించి, నాలుగు తలుపులున్న ఇల్లు ఒకటి కట్టించారట. ఎవరి తలుపులోంచి వాళ్లు ఒకే క్షణంలో లోపలికి రావచ్చు. ముందూ లేదు, వెనకా లేదు. ఎవరి చేతిలో ఉన్నది వాళ్లకే అన్న సూత్రం మీద బేరం మొదలైంది. మంచి గడియ చూసుకొని మరీ సంతకాలు పెట్టారు. హంగరీ దేశంలో చాలా భాగం చేతులు మారింది. ఆ తర్వాత రెండు పక్షాల మనుషులు ఏళ్ల తరబడి అడవులూ వాగులూ పట్టి నడిచి, మట్టి దిబ్బలు పోసుకుంటూ సరిహద్దు గుర్తించారు. అంటే మనలాంటివాళ్లే! సంతకాలు జరిగింది జనవరి ఇరవై ఆరున అని చూసినప్పుడు నేను బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాను. మన గణతంత్ర దినం కదా. గ్రంథపాలకుడికి చెబితే "అయితే ఏమంటావు?" అన్నాడు. మళ్లీ కూర్చొని ఆ అధ్యాయం నాలుగుసార్లు చదివాను. చివరి రెండు ఆకులు చెదలు తినేశాయి. ఆ ఆకుల్లో ఏముందోనని అప్పుడు నేను దిగులు పడలేదు. పడి ఉండాల్సింది.

ఇక మన సంధి.

కర్నూలు జిల్లాకూ కడప జిల్లాకూ నడుమ ఒక వంక ఉంది. ఎండాకాలం ఇసుక, వానాకాలం వరద. వంకకు అటొక ఊరు, ఇటొక ఊరు. పేర్లు రాయను. ఉత్తరాన కర్నూలు వైపుది పై ఊరు, దక్షిణాన కడప వైపుది కింది ఊరు అనుకోండి. కింది ఊరివాళ్లు బతికుంటే ఈ మాటకు కూడా తగాదా పెట్టుకునేవాళ్లు. రెండు ఊళ్లకూ వంకే పొలిమేర. కింది ఊరి వైపు, వంక ఒడ్డున, ఇరవై గుడిసెల పేట ఒకటి ఉండేది. కూలి చేసుకునేవాళ్లు.

అప్పటికి పదకొండేళ్ల కిందట పెద్ద వరద వచ్చి వంక దారి మార్చుకుంది. పేటకు ఉత్తరంగా పారేది కాస్తా దక్షిణంగా పారసాగింది. పొలిమేర రాయి కొట్టుకుపోయింది. పాత వంకే పొలిమేర కాబట్టి పేట మాదేనని కింది ఊరు. ఇప్పుడు పారే వంకే పొలిమేర కాబట్టి పేట మాదేనని పై ఊరు. దీనికోసం రెండుసార్లు కట్టెలు లేచాయి. కింది ఊరి రెడ్డి చెల్లెలే పై ఊరి రెడ్డి భార్య. బావా బామ్మర్దులకు పదకొండేళ్లుగా మాటల్లేవు.

అంతగా పేట మాదంటే మాదని కొట్టుకునే ఆ రెండు ఊళ్లలోనూ పేటవాళ్లు బావిలో కడవ ముంచడానికి లేదు. రాజ్యాంగం వచ్చినా ఆ బావుల దగ్గరికి ఇంకా రాలేదు. ఆడవాళ్లు కడవలు పెట్టుకొని దూరంగా నిలబడాలి. ఎవరైనా దయతలిచి పోస్తే నీళ్లు, లేకపోతే వంక ఇసుకలో చెలమ. మార్చి వస్తే చెలమ కూడా ఊరదు.

ఆ ఏడు పేటకు తాగునీటి బావి మంజూరయింది. పేట ఏ ఊరిదో, ఏ జిల్లాదో తేలితేనే తవ్వుతారు. రెండు ఊళ్ల రెడ్లు కలిసి చూస్తుండగా పొలిమేర రాయి నాటి, ఒకేచోట ఒప్పుదల పత్రం మీద సంతకాలు పెట్టాలి. మార్చి నెలాఖరు దాటితే మంజూరు రద్దు. నాకు ముందు ఇద్దరు సర్వేయర్లు ప్రయత్నించి విఫలమయ్యారు. రమ్మన్న చోటికి ముందు వచ్చినవాడు ఎదురుచూసినవాడవుతాడని, పై ఊరి రెడ్డి కంపచెట్ల చాటునా, కింది ఊరి రెడ్డి వంక గుంటలోనా నక్కి, ఒకరినొకరు చూసుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చొని ఎవరి దారిన వాళ్లు పోయారట.

తాశీల్దారు గారు కాగితాలు నా ముందు పడేసి, "నువ్వు చదువుకున్నవాడివి కదా, చూడు" అన్నారు. ఎగతాళికే అన్నారు. నాకది అర్థం కాలేదు. కార్లోవిట్జ్ వచ్చి నా కాళ్ల ముందు పడిందనుకున్నాను.

అప్పటికి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి నాలుగైదు నెలలయింది. రాజధాని డేరాల్లో నడిచినప్పటి డేరా ఒకటి మా తాలూకా గోదాములో పడి ఉంది. అడిగి తీసుకున్నాను. దానికి రెండే వాకిళ్లు.

నాతో పనిచేసే చైన్‌మన్ కర్నూలు పాతబస్తీ మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. కొలత గొలుసు పట్టుకొని నా వయసుకు మించిన కాలం నడిచినవాడు. నేను చాచా అనేవాణ్ని.

"చాచా, ఇంకా రెండు వాకిళ్లు కోయాలి" అన్నాను.

"రెండూళ్లే కదా సారూ. రెండు దర్వాజాలు శాలవా?"

"పుస్తకంలో నాలుగున్నాయి."

"పుస్తకంలో నలుగురు రాజులుండారేమో."

"ఉన్నారు."

"మనకు ఇద్దురు రెడ్లే ఉండారు గదా?"

"ఒకటి మధ్యవర్తికి. అంటే నాకు."

"నాలుగోది?"

"ఉండనీ" అన్నాను. చాచా కత్తి తీసి, "సర్కారు గుడ్డ సారూ. కోసినోడు నేను, కోయమన్నోడు నువ్వు. గుర్తు పెట్టుకో" అంటూ కోశాడు. ఒక వాకిలి మీద పాత కాలపు రాత ఇంకా చెరిగిపోలేదు: అనుమతి లేనిదే లోపలికి రారాదు. ఆ వాకిలి రెడ్లలో ఎవరికి ఇచ్చినా కొట్లాటే. నేనే తీసుకున్నాను.

గడువు చివరి రోజున, పేట పక్కన బయల్లో డేరా వేశాం. సభకు తల, తోక ఉండకూడదని జంపఖానా నాలుగు మూలలూ లోపలికి మడిచి గుండ్రంగా చేశాను. రెడ్ల వాకిళ్ల నుంచి సరిగ్గా ఒక గొలుసు పొడవు కొలిచి అటూ ఇటూ జెండాలు నాటాం. ఎవరి జెండా దగ్గర వాళ్లు నిలబడాలి. నేను చెయ్యి ఊపగానే నడవాలి. పది గంటలకు ఇద్దరూ వచ్చారు, తలా ఒక పన్నెండు మందితో. తెల్లవారుజామున చాచా రెండు ఊళ్లూ తిరిగి, అవతలాయన బయల్దేరాడని ఇవతలాయనకూ, ఇవతలాయన బయల్దేరాడని అవతలాయనకూ చెప్పి వచ్చాడు. అది పుస్తకంలో లేని విద్య.

చెయ్యి ఎత్తబోతుండగా చాచా నా చెవిలో అన్నాడు: "సారూ, కింది ఊరి రెడ్డి తాటిచెట్టు. పై ఊరి రెడ్డి ఈతచెట్టు. గొలుసు సమానమే గాని కాళ్లు సమానం గాదు. పొడుగాయప్పే ముందు చేరతాడు."

నిజమే. కార్లోవిట్జ్‌లో ఎవరి కాళ్లు ఎంత పొడవో పుస్తకంలో రాయలేదు. పొట్టి రెడ్డిగారి జెండా కొంచెం ముందుకు జరపమంటే పొడుగు రెడ్డిగారు ఒప్పుకోలేదు. "ఆయప్పకు దగ్గర, నాకు దూరమా? నేనేం పరాయోణ్నా?" అన్నాడు. చివరికి అడుగుల లెక్క మీద నడిపిద్దామని చాచా అన్నాడు. ఒక లెక్కకు ఒక అడుగు, పొడుగాయన పొడుగు అడుగులు వేయకూడదు. తెలుగులో లెక్కపెడితే యాస ఏ ఊరిదని మళ్లీ అడుగుతారని ఉర్దూలో మొదలుపెట్టాడు.

"ఏక్... దో... తీన్..."

ఇద్దరు పెద్దమనుషులు, తెల్లటి పంచెలు, తలపాగాలు, పెళ్లికూతుళ్లలాగా అడుగులో అడుగు వేస్తూ డేరా వైపు నడిచారు. చాచా "బీస్" అని ఇరవైకి వచ్చాడు. ఇంకొక పదో పన్నెండో అడుగులుంటాయి. అప్పుడు పేట వైపు నుంచి ఒక నల్లమేక తీరిగ్గా నడిచి వచ్చి, నాలుగో వాకిట్లోంచి లోపలికి పోయింది. పోయి జంపఖానా మధ్యలో నిలబడి మడత మూల నమలసాగింది.

రెడ్లిద్దరూ ఆగిపోయారు. పొడుగాయన కాలు గాల్లోనే ఉంది.

పై ఊరి గుంపులోంచి ఒకడు అరిచాడు: "కింది ఊరోళ్లు ముందు పోయినారు!"

"ఎవుర్రా పోయింది? అది మేక!" అని కింది ఊరి గుంపు.

"యా ఊరి మేక?"

"పేట మేక!"

పై ఊరి రెడ్డి నా వైపు తిరిగాడు. బామ్మర్దితో మాట్లాడడు కదా. "సర్వేయరప్పా, ఆయప్పను అడుగు. పేట మాది, పేట మాది అని పదకొండేండ్లు కోర్టులెంబడి తిరిగె కదా? పేట ఆయప్పదైతే మేక ఆయప్పదే. మేక ముందు పోయిందంటే ఆయప్ప ముందు వచ్చినట్లే. సంధికి కాళ్ల బేరానికొచ్చినట్లే. రాసుకో."

నేను ఇటు తిరిగి అదే మాట చెప్పాను. ఇద్దరి మధ్య ముప్పై అడుగులు కూడా లేదు, అయినా చెప్పాను.

"అది కుదర్దుబ్బా" అన్నాడు కింది ఊరి రెడ్డి. "పేట మాది అని ఆయప్ప మాత్రం అనలేదా? మేక ఆయప్పదే. మా ఊరికి ఆ మేకకు ఏ సంబంధమూ లేదు."

"మాకూ లేదు" అన్నాడు పై ఊరి రెడ్డి.

"మాకు అస్సలు లేదు."

"మాకు మొదటినుంచీ లేదు."

ఇంతలో మేక కోసం ఒక ముసలామె కట్టె పుచ్చుకొని వచ్చింది. పేటలో అందరూ అవ్వ అనేవాళ్లు. బావి కోసం తాలూకా ఆఫీసుకు పదిసార్లు నడిచి వచ్చిన మనిషి. ఆమె మాటలన్నీ విని డేరా ముందు నిలబడింది.

"సామీ, మేక మీది కాదా?" అంది పై ఊరి రెడ్డితో.

"కాదు."

"మీదీ కాదా సామీ?" అంది ఇటు తిరిగి.

"కానే కాదు."

"మేక మీది కాకపోతే మేం మట్టుకు మీదెట్లయితాం? మేకను సాకేది మేమే కదా?"

రెండు గుంపుల్లోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. నేను సందు చూసుకొని, మేక ఎవరిదీ కాదని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి కాబట్టి ఎవరూ ముందు పోనట్టేనని ప్రకటించి, చాచాకు సైగ చేశాను. "ఇక్కీస్... బాయీస్..." లెక్క ముప్పై దాటగానే ఇద్దరూ ఒకే క్షణంలో లోపల పడ్డారు. కార్లోవిట్జ్ గెలిచింది. నేను నా వాకిట్లోంచి, అనుమతి తీసుకోకుండా, లోపలికి పోయాను. అవ్వ మేక కోసం నాలుగో వాకిట్లోంచి వచ్చి, దాన్ని పట్టుకొని అక్కడే కూర్చుంది. పొమ్మని ఎవరూ అనలేదు. అంటే ఆమె ఎవరి మనిషో ఒప్పుకోవలసి వస్తుందని భయం.

నేను సూత్రం చదివాను: ఎవరి చేతిలో ఉన్నది వాళ్లకే. రెడ్లిద్దరూ తల ఊపారు. పేట ఎవరి చేతిలో ఉందన్నది తర్వాతి ప్రశ్న. పేటకు మేం పనిస్తాండామని ఒకరు, మా పొలాల్లోనే కోతకొస్తారని ఒకరు. అన్నీ నా ద్వారానే. నా మెడ అటూ ఇటూ తిరిగి పట్టేసింది. చివరికి పై ఊరి రెడ్డి విసిగి, "ఈ అవ్వనే అడగండప్పా. ఏమ్మే, నువ్వు యా ఊర్లో ఉంటావో చెప్పు" అన్నాడు.

అవ్వ మేక మెడ నిమిరింది. తర్వాత, "యా ఊర్లో చేరితే ఆ ఊరి బాయిలో మమ్మల్ని కడవ ముంచనిస్తారు సామీ? ఆ ఊర్లో ఉంటాం" అంది.

ఈ మాట నేను అటూ ఇటూ చేరవేయనక్కర్లేకపోయింది. ఇద్దరూ విన్నారు. పై ఊరి రెడ్డి జంపఖానా మడత వైపు చూశాడు. కింది ఊరి రెడ్డి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు, పదకొండేళ్లలో మొదటిసారి, నా వైపు తిరగకుండా నేరుగా మాట్లాడాడు.

"బావా, పేట నువ్వే పెట్టుకో."

పై ఊరి రెడ్డి ఉలిక్కిపడ్డాడు. "లేదు లేదు. నీ ఊరికి దగ్గర. నువ్వే పెట్టుకో."

"వంక నీ పక్కకు తిప్పింది దేవుడు బావా."

"దేవుడికేం తెల్సు? పాత దస్తావేజుల్లో నీదే కదరా!"

కట్టెలు లేపి తలలు పగలగొట్టుకున్న పేటను ఒకరికొకరు తాంబూలంలా అందించుకుంటూ కూర్చున్నారు. పెళ్లిపందిట్లో కూడా అంత మర్యాద నేను చూడలేదు. పదహారేళ్ల యుద్ధానికి సంబంధించిన ఆ అధ్యాయం మొత్తంలో ఇట్లాంటి ఘట్టం లేదు. ఏ రాజూ "హంగరీ మీరే ఉంచుకోండి" అనలేదు. నా సూత్రం పనికిరాకుండా పోయింది. పేట ఎవరి చేతిలోనూ లేదు మరి.

"యా పక్కయినా ఒకటే సామీ" అంది అవ్వ. "పాత వంకలో మూడు మట్లు తవ్వితే నీళ్లు పడ్తాయి. మా పెద్దోళ్లు చెప్పినారు. ఆ పాత వంక మా పేటతో కలిసి ఒకే ఊర్లో ఉండేటట్టు గీత గీయి సారూ. నాకు వేరే ఏమీ వద్దు." మట్టు అంటే మీకు తెలుసు కదా, మనిషి నిలువు లోతు.

నేను పటం తీసి చూశాను. పాత వంకనే పొలిమేర చేస్తే పొలిమేర మీద బావి తవ్వడానికి లేదు. ఇప్పుడు పారే వంక పొలిమేర అయితే పేటా, పాత వంకా రెండూ పై ఊళ్లో పడతాయి. ఈ లెక్క మా శాఖలో ముగ్గురం సర్వేయర్లం చూసినా తోచలేదు. కొత్త వంకే పొలిమేర అన్నాను. కింది ఊరి రెడ్డి "శానా మంచిది" అని ఊపిరి పీల్చుకున్నాడు. పై ఊరి రెడ్డి పదకొండేళ్లు పోరాడి గెలిచిన పేటను చూసి, జుల్మానా పడినవాడి మొహం పెట్టాడు గాని కాదనలేకపోయాడు.

ఇక లేచి వంక ఒడ్డుకు పోయి, రాయి నాటించి, కళ్లతో చూసి, సంతకాలు పెట్టడమే మిగిలింది. రెండు ప్రతులు సిద్ధం చేశాను. ఎవరి ప్రతిలో వాళ్ల పేరు ముందు. అదీ పుస్తకం విద్యే. అప్పటికి పన్నెండు దాటింది. రోడ్డు మీద తాలూకాకు పోయే ఆఖరి బస్సు నాలుగు గంటలకు. ఆ బస్సులో కాగితం పోకపోతే బావి లేదు.

"లేద్దాం రెడ్డిగారూ" అన్నాను.

ఎవరూ లేవలేదు.

మళ్లీ అన్నాను. పై ఊరి రెడ్డి బామ్మర్దిని చూశాడు. బామ్మర్ది బావను చూశాడు. అప్పుడు నాకు చెదలు తిన్న ఆ రెండు ఆకులు గుర్తొచ్చాయి. లోపలికి ఎట్లా రావాలో నాకు తెలుసు. బయటికి ఎట్లా పోవాలో తెలియదు.

"ముందు లేచిపోయినోడు పారిపోయినోడవుతాడు కదప్పా" అన్నాడు పై ఊరి రెడ్డి మెల్లగా.

"బయట మావాళ్లుండారు. చూస్తాండారు" అన్నాడు కింది ఊరి రెడ్డి.

చాచాను పిలిచి, వచ్చినట్టే లెక్క మీద పోదామన్నాను. ముందు లేచి నిలబడాలి కదా. కింది ఊరి రెడ్డికి మోకాళ్ల నొప్పులు. ఆయన లేవడానికి చాలాసేపు పడుతుంది. పై ఊరి రెడ్డి ముందు లేచినట్టవుతుంది. సరే, తీన్ అనగానే ఇద్దరూ ఒకేసారి కదలాలని ఒప్పించాను. చాచా ఏక్ అన్నాడు, దో అన్నాడు, తీన్ అన్నాడు. ఇద్దరూ కదలలేదు. అవతలవాడు కదులుతాడేమోనని ఇద్దరూ చూస్తున్నారు. ఇంకోసారి లెక్కపెట్టాం. ఇద్దరూ రవ్వంత లేచి, ఒకరినొకరు చూసుకొని, మళ్లీ కూర్చున్నారు. మూడోసారికి చాచా "నాకు లెక్క మరిచిపోయింది సారూ" అని బయటికి పోయాడు.

ఒంటిగంటయింది. రెండయింది. డేరా లోపల ఉడికిపోతున్నాం. నేను బతిమాలాను. తాశీల్దారు గారి పేరు చెప్పాను. చివరికి, సిగ్గు విడిచి, ఆస్ట్రియా చక్రవర్తి పేరు కూడా చెప్పాను. కింది ఊరి రెడ్డి తలపాగాతో మొహం తుడుచుకుంటూ, "ఆయప్ప ఎట్ల బయటికి పోయినాడో చెప్పు, అట్లే పోతాం" అన్నాడు. చెదలకు తెలుసు, నాకు తెలియదని చెప్పుకోవలసి వచ్చింది. నా చదువు మొత్తం అక్కడ తెల్లమొహం వేసింది. నా ఉద్యోగం పోయినా ఏదో ఒకటి చేసుకుంటాను. అవ్వ బావి పోతే మళ్లీ రాదు. ఆమె నన్నే చూస్తోంది. రెండున్నరకు లేచి, మేకను తీసుకొని బయటికి పోయింది. అలిసిపోయి ఇంటికి పోతోందనుకున్నాను.

కాసేపటికి డేరా ఒక మూల కుంగింది. తర్వాత ఇంకో మూల. నేను బయటికి తొంగి చూశాను. అవ్వా, పేట ఆడవాళ్లు ఏడెనిమిది మందీ మేకులు పీకుతున్నారు. చాచా కూడా ఒక తాడు విప్పుతున్నాడు.

"ఏం చేస్తాండావవ్వా?"

"లోపలుంటే కదప్పా బయటికి పోయేది!" అంది. "డేరా లేకపోతే లోపలేంది, బయటేంది? అందురూ బయటే ఉండారు."

గుడ్డ మొత్తం మా నెత్తిన పడింది. ఆడవాళ్లు ఒక పక్క నుంచి లాగేశారు. మార్చి నెల ఎండ ఒక్కసారిగా మీద పడింది. అంతవరకు డేరాలో సింహాసనాల మీద కూర్చున్నట్టున్న ఇద్దరూ బయల్లో మడత జంపఖానా మీద, దుమ్ము కొట్టుకొని, చిందరవందర తలపాగాలతో మిగిలారు. చుట్టూ రెండు ఊళ్ల జనం. ఎవరో నవ్వారు. పై ఊరి రెడ్డి కూడా నవ్వాడు. "చెయ్యి ఇయ్యిరా, నీ మోకాళ్లు నాకు తెల్దా" అన్నాడు. ఎవరు ముందు లేచారో నేను చూడలేదు, కావాలనే చూడలేదు. ఆ విషయం మీద రెండు ఊళ్లలో రెండు అభిప్రాయాలుండేవని తర్వాత విన్నాను.

రాయి నాటాం. సంతకాలయ్యాయి. నేను సైకిలు తొక్కుకుంటూ రోడ్డు చేరేసరికి బస్సు కదులుతోంది. కాగితం కండక్టరు చేతిలో పెట్టి, ఊపిరి ఆడక మైలురాయి మీద కూలబడ్డాను.

తాశీల్దారు గారు నా నివేదికలో కార్లోవిట్జ్ అంతా కొట్టేశారు. మేకను కూడా కొట్టేశారు. కోసిన రెండు వాకిళ్లను మాత్రం కొట్టేయలేక సంజాయిషీ అడిగారు. ఆయన నన్ను మళ్లీ ఎప్పుడూ చదువుకున్నవాడివి అనలేదు. మీకు నేను చెప్పేది ఒకటే. పుస్తకాలు చదవండి, తప్పకుండా చదవండి. చెదలు తిన్న ఆకులు ఎన్నో ముందే లెక్కపెట్టుకోండి.

వానలు మొదలయ్యాక ఏదో పని మీద ఆ దారిన పోతూ పేటలో ఆగాను. పాత వంకలో బావి తవ్వారు. మూడు మట్లకు కాదు గాని, నాలుగో మట్టు సగంలో నీళ్లు పడ్డాయట. మెట్ల బావి. అవ్వ కడవతో దిగుతోంది. నేను వెంట దిగి, డేరా పీకేయడం అన్న ఉపాయం పెద్ద పెద్ద రాజ్యాల మంత్రులకు కూడా తట్టలేదని, కార్లోవిట్జ్‌లో ఏం జరిగిందో, పదహారేళ్ల యుద్ధం నుంచి మొదలుపెట్టి చెప్పసాగాను. ఆమె ఓపిగ్గా వింది.

"శానా దూరమా సారూ ఆ ఊరు?"

"చాలా దూరమవ్వా. సముద్రాలు దాటి పోవాలి."

"సంధి అయినంక ఆడోళ్లకు నీళ్లకేమన్నా అయిందా?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. ఆ మాటే చెప్పాను. ఆమె ఒక మెట్టు దిగి నా కోసం ఆగింది.

"కొంచెం పక్కకు జరుగు సారూ. కడవ ముంచాల."

జరిగాను.